క్రూ కావాలంటే ముందు మీరే ఎవరికైనా క్రూగా వెళ్ళండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న తెరచాప పడవల గురించే, అంటే ఒకరో ఇద్దరో కూర్చుని నడిపే డింగీల గురించి. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఇన్ని వస్తాయని నేనైతే అనుకోలా. సగం మంది అడిగింది క్రూ, అంటే పడవ నడిపేవాడికి తోడుగా ముందు కూర్చునే రెండో మనిషి, ఎక్కడ దొరుకుతారని, మిగతా సగం గాలి ఎక్కువైతే ఏం చేయాలని. నన్నడిగితే రెండూ ఒకటే ప్రశ్న, అదెందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, ఎమ్మార్ పల్లి. చెన్నైలో వీకెండ్ సెయిలింగ్ కోర్స్ చేశా. ఇద్దరు నడిపే ఎంటర్‌ప్రైజ్ పడవ ఒకటి రేసులకి అద్దెకిస్తామన్నారు గానీ నాకు క్రూ లేరు. ఫ్రెండ్స్‌ని పిలిస్తే మొదటిసారి ఫొటోల కోసం వస్తారు, రెండోసారి ఫోన్ ఎత్తరు. ఎక్కడ వెతకాలి?

జవాబు: తమ్ముడూ, నువ్వు వెతకడం ఆపి కొన్నాళ్ళు దొరుకు. అంటే ఏందంటే, క్లబ్బుల్లో పడవ ఉండి పక్కన మనిషి లేని వాళ్ళు ఎప్పుడూ ఉంటారు, శనివారం రాత్రి దాకా ఫోన్లు చేస్తానే ఉంటారు రేపు వస్తావా రేపు వస్తావా అని. అలాంటి వాళ్ళలో కాస్త అనుభవం ఉన్న ఒకాయన్ని చూసుకుని ఆయనకి క్రూగా వెళ్ళు. ముందు సీట్లో కూర్చుని జిబ్ (ముందుండే చిన్న తెరచాప) లాగుతా ఉంటే కోర్సులో చెప్పని సంగతులు తెలుస్తాయి, స్టార్ట్ లైన్ దగ్గర ఎక్కడ నిలబడాలి, రేస్‌కి ఐదు నిమిషాల ముందు జెండా లేచినప్పటి నుంచి జీరో దాకా ఆయన ఏం చూస్తున్నాడు, ఎదురుగా వచ్చే పడవకి దారివ్వాలా వద్దా, అవన్నీ. ఒక సీజన్ అలా తిరిగితే క్లబ్బులో నీ పేరు అందరికీ తెలిసిపోద్ది, ఆ తర్వాత నీకు క్రూ కావాలంటే నలుగురు వాళ్ళంతట వాళ్ళే చెప్తారు. సముద్రం లేని ఊరి నుంచి వచ్చే మనలాంటి వాళ్ళకి ఇదొక్కటే సులువైన దారి, అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళకున్న పరిచయాలు మనకి యాడున్నాయి?

ఇంక ఎవరిని అడగాలి అంటే, ప్రాణ స్నేహితుల్ని వదిలెయ్. ఆప్టిమిస్ట్ అని పిల్లల పడవ ఉంది చూడు, ఆ క్లాస్‌లో పదిహేనేళ్ళు నిండే సంవత్సరం దాకే రేసులు, ఆ తర్వాత పెద్ద పడవకి బరువు చాలక మధ్యలో ఊగిసలాడే పిల్లలు ఉంటారు. వయసులో చిన్నోళ్ళు గానీ రూల్స్ నోటికొచ్చు, బోల్తా పడితే భయం లేదు, వాళ్ళ ఇంట్లో అడిగి తీసుకో. రెండోది, ఆ పిల్లల్ని దింపడానికొచ్చి ఒడ్డున కూర్చుని టీ తాగే అమ్మానాన్నలు, వాళ్ళని ఎవరూ అడగరు, అడిగితే సగం మంది రెడీ. మూడోది మన ఊరి వాళ్ళే, అలిపిరి నుంచి ఆ 3550 మెట్లు ఎక్కడా కూర్చోకుండా ఎక్కేవాళ్ళు నీకు తెలిసే ఉంటారు, పడవ అంచు మీద తొడల బలంతో బయటికి వాలి కూర్చోవాలి కదా, దాన్నే హైకింగ్ అంటారు, దానికి కావాల్సింది ఆ కాళ్ళే.

పిలిచేటప్పుడు మాత్రం "సరదాగా రారా" అని పిలవొద్దు, నీ ఫ్రెండ్స్ రెండోసారి రాకపోవడానికి అదే కారణం అనుకుంటా. ఎన్ని గంటలకి బయల్దేరతాం, ఎన్నింటికి ఇంటికొస్తాం (తిరుపతి నుంచి చెన్నై దాదాపు 135 కిలోమీటర్లు, పొద్దున రేస్ అంటే ముందు రోజు రాత్రే పోవాలి), బట్టలన్నీ తడుస్తాయి, ఎంట్రీ ఫీజు ఎవరు కడతారు, పడవకి ఏదైనా విరిగితే ఖర్చు ఎవరిది, ఇవన్నీ ముందే చెప్పు. ముఖ్యంగా కొత్త మనిషిని మొదటి రోజే గట్టిగాలిలో ఎక్కించొద్దు. 6 నుంచి 10 నాట్స్ (గాలి వేగాన్ని నాట్స్‌లోనే కొలుస్తారు) గాలి ఉన్న రోజు, రేస్ ఏం లేకుండా, ఊరికే అటూ ఇటూ తిప్పు, కాసేపు టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) కూడా వాళ్ళ చేతికివ్వు. 20 నాట్స్‌లో మొదటిసారి నీళ్ళలో పడ్డోడు మళ్ళీ రాడు, పైగా ఇంకో పదిమందికి చెప్తాడు.

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట, చెన్నైలో చదువుతున్నా. ఒకబ్బాయితో ఎంటర్‌ప్రైజ్‌లో క్రూ చేస్తున్నా. నేను 51 కేజీలు, తను 62. ప్రాక్టీస్ అంతా నాతోనే, కానీ రేస్ రోజు గాలి 15 నాట్స్ దాటిందంటే నన్ను దించేసి వేరే బరువైన అబ్బాయిని ఎక్కించుకుంటాడు. లైట్‌గా ఉండడం నా తప్పా?

జవాబు: తప్పు కాదు చెల్లీ, కానీ బరువు విషయం అబద్ధం కూడా కాదు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపుడు నాలుగింతలవుద్ది, 10 నాట్స్‌లో హాయిగా పోయే పడవ 20లో నాలుగింతల బలంతో పక్కకి వాలాలని చూస్తది, దాన్ని ఆపేది మీ ఇద్దరి ఒళ్ళే. ఎంటర్‌ప్రైజ్‌లో ట్రాపీజ్ ఉండదు, అంటే నడుముకి తీగ తగిలించుకుని పడవ బయట నిలబడే వీలు లేదు. మీ ఇద్దరూ కలిపి 113, ఆ పడవకి గట్టిగాలిలో తక్కువే. అదే 113 కేజీలు 420 అనే పడవలో అయితే సరిగ్గా సరిపోతాయి, దాంట్లో క్రూకి ట్రాపీజ్ ఉంటది, 110 నుంచి 130 మధ్య ఉన్న జంటలే ఎక్కువ కనిపిస్తారు. కాబట్టి నీ బరువు తక్కువా ఎక్కువా అన్నది ఏ పడవ అన్నదాన్ని బట్టి.

ఉన్న పడవలోనే చేయగలిగింది చాలా ఉంది. తెరచాపని బల్లలాగా చదునుగా చేయాలి. కనింగ్‌హామ్ (తెరచాప ముందంచుని కిందికి లాగే తాడు) గట్టిగా కిందికి లాగు, అవుట్‌హాల్ (తెరచాప కింది అంచుని వెనక్కి లాగే తాడు) చివరిదాకా, కికర్ (బూమ్‌ని, అంటే తెరచాప కిందుండే అడ్డకర్రని, పైకి లేవకుండా పట్టే తాడు) బిగించు, సెంటర్‌బోర్డ్ (పడవ అడుగున నీళ్ళలోకి దిగే పలక) కొంచెం పైకెత్తు. అప్పుడు గాలి పట్టుకోవడం తగ్గుద్ది, పడవ పక్కకి వాలడం తగ్గుద్ది. ఇంకా గాలి దంచితే మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపని లాగే తాడు) వదలాలి, వదిలి మళ్ళీ లాగాలి, ఆ వదలడానికి చాలామంది హెల్మ్‌లకి, అంటే టిల్లర్ పట్టి నడిపేవాళ్ళకి, మనసొప్పదు, వదిలితే స్పీడ్ పోతుందనుకుంటారు. నిజానికి వాలిపోయిన పడవే నెమ్మది, పక్కకి జారుద్ది, చుక్కాని బరువెక్కుద్ది. నిటారుగా ఉన్న పడవలో తేలికైన జంట వాలిపోయిన పడవలోని బరువైన జంటని దాటిపోవడం నేను చాలాసార్లు చూశా. నీ వంతు పని ఇంకొకటుంది, కళ్ళు. నీళ్ళ మీద నల్లగా మచ్చలాగా కదిలొచ్చేదే గాలి దెబ్బ, దాన్ని నువ్వు ముందే చూసి "వస్తోంది, మూడు, రెండు, ఒకటి" అని చెప్తే తను రెడీగా ఉంటాడు. బరువైన కొత్త అబ్బాయికి ఇది రాదు, చెప్పినా ఒక్క రోజులో రాదు.

ఇంక అసలు సంగతి. ప్రాక్టీస్ నీతో, రేస్ ఇంకొకరితో అన్నది నాకు నచ్చలా. ఏ గాలి దాకా నేను, దాటితే ఎవరు అని సీజన్ మొదట్లోనే చెప్పి ఉంటే అది ఒప్పందం, ఒడ్డు మీద చివరి నిమిషంలో దించేస్తే అది వాడుకోవడం. నువ్వు అడుగు. సూటిగా చెప్పకపోతే వేరే స్కిప్పర్‌ని చూసుకో, లేదంటే ఒంటరిగా నడిపే ఐఎల్‌సీఏ పడవకి మారు, దాన్నే ఇదివరకు లేజర్ అనేవాళ్ళు, ఒకే పడవకి 4, 6, 7 అని మూడు సైజుల తెరచాపలుంటాయి, బరువుని బట్టి ఎంచుకోవచ్చు. మీ చిత్తూరు పక్కనున్న వేలూరు నుంచి వచ్చిన విష్ణు శరవణన్ ఐఎల్‌సీఏ 7లోనే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చాడు, అదే క్రీడల్లో నేహా ఠాకూర్ ఐఎల్‌సీఏ 4లో రజతం తెచ్చింది. ఇద్దరి పడవే కావాలంటే 470 ఉంది, పారిస్ ఒలింపిక్స్ నుంచి అది అమ్మాయి అబ్బాయి కలిసి నడిపే పోటీ అయిపోయింది, హాంగ్‌ఝౌలో మన తెలుగమ్మాయి ప్రీతి కొంగర ఆ మిక్స్‌డ్‌లోనే దిగింది. తేలికైన అమ్మాయిలకి చోటు లేని ఆట కాదిది.

ప్రశ్న: సార్, ఎన్ని నాట్స్ దాటితే వెళ్ళకూడదు? ఫోన్ యాప్‌లో 18 చూపిస్తే ఒకరు సూపర్ అంటారు ఒకరు పిచ్చా అంటారు. — పుత్తూరు

జవాబు: ఇద్దరూ కరెక్టే, ఎవరి పడవలో వాళ్ళు. నాట్‌కి 1.85 కిలోమీటర్లు, అంటే 18 నాట్స్ గంటకి 33 కిలోమీటర్ల పైమాటే. 12, 13 దాటితే నీళ్ళ మీద తెల్ల నురగలు కనిపించడం మొదలవుద్ది, కొత్తవాళ్ళకి అదే గీత అనుకోండి. 17 నుంచి 21 మధ్య అనుభవం ఉన్నోళ్ళకి పండగ, 22 దాటాక చాలా క్లబ్బులు చిన్న పడవల రేసుల్ని ఆపేస్తాయి. కానీ యాప్‌లో సగటు అంకె చూసి మోసపోవద్దు, పక్కనే గస్ట్ (ఒక్కసారిగా వచ్చే గాలి దెబ్బ) అని ఇంకో అంకె ఉంటది, సగటు 14 గస్ట్ 25 అంటే మీరు కొట్టుకోవాల్సింది 25తోనే.

అంకె కన్నా నేను దిక్కు చూస్తా. మధ్యాహ్నం చెన్నైలో సముద్రం మీంచి ఒడ్డుకి గాలి వస్తది, ఏదైనా విరిగినా అది మిమ్మల్ని ఒడ్డువైపే తోస్తది. జూన్ జూలై పొద్దుటి పూట పడమటి గాలి, నేల మీంచి సముద్రంలోకి పోద్ది, ఒడ్డున నీళ్ళు చెరువులాగా ప్రశాంతంగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ గాలి పెరుగుద్ది, తిరిగి రావాలంటే ఎదురుగాలి. ఇలాంటి రోజు రెస్క్యూ బోట్ లేకుండా పడవ దించితే అది ధైర్యం కాదు. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ళు అలల ఎత్తు, గాలి రోజూ ఇస్తారు, వాతావరణ శాఖ మత్స్యకారులు వేటకి వెళ్ళొద్దు అన్న రోజు మనం కూడా వెళ్ళం, అంతే, దాంట్లో చర్చ లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ అసలే తుపాన్ల కాలం.

ఇంకొకటి. రేస్ పెట్టారు కాబట్టి సేఫ్ అనుకోవద్దు. రేసింగ్ రూల్స్‌లో మూడో రూల్ ఇదే, దిగాలా, దిగాక కొనసాగాలా అన్నది పూర్తిగా ఆ పడవ వాళ్ళ బాధ్యతే, కమిటీది కాదు. ఆ పడవలో క్రూ కూడా ఉన్నాడు కదా, కాబట్టి క్రూ వద్దంటే వద్దు. హెల్మ్ ఓటు ఎక్కువ క్రూ ఓటు తక్కువ అన్న పడవలోకి మీరు ఎక్కొద్దు.

అలాగని గాలి చూసి ప్రతిసారీ ఇంట్లో కూర్చోవద్దు, గట్టిగాలి రోజు లెక్క మీకు కలిసొస్తది. సిరీస్‌లో 12 పడవలు ఉన్నాయనుకోండి, ఐదు బోల్తాపడి ఇంటికి పోయాయి, ఏడు ముగించాయి. అందరికన్నా వెనక, నత్తలాగా, రెండుసార్లు మునిగి లేచి వచ్చినా ఏడో స్థానం కాబట్టి మీకు 7 పాయింట్లు, ముగించని వాళ్ళకి మొత్తం పడవల లెక్కకి ఒకటి కలిపి 13. తక్కువ పాయింట్లు ఉన్నోడే గెలిచేది. అందుకే గట్టిగాలిలో నా సలహా ఎప్పుడూ ఒకటే, ముందు ముగించండి. మధ్యలో ఎవరైనా ప్రమాదంలో ఉంటే మాత్రం రేస్ వదిలేసి పోవాల్సిందే, అది మొదటి రూల్, సాయం చేసినందుకు పోగొట్టుకున్న స్థానం కోసం తర్వాత కమిటీని రిడ్రెస్, అంటే పరిహారం, అడగొచ్చు.

ప్రశ్న: మాది సూళ్ళూరుపేట. చెన్నై దాకా ఎందుకు, మన పులికాట్‌లో చేయకూడదా? తిరుపతిలో కల్యాణి డ్యామ్ కూడా ఉంది కదా?

జవాబు: 2022లో జిల్లాలు మారాక పులికాట్ మన తిరుపతి జిల్లాలోకొచ్చింది గానీ అది పక్షుల అభయారణ్యం, రెగట్టా (పడవ పందేలు) పెడతామంటే కుదరదు. పైగా లోతు తక్కువ. మన డింగీకి కింద మీటరు దాకా బోర్డు దిగుద్ది, బురదలో గుచ్చుకుని కూర్చుంటది. అక్కడ తెరచాప కట్టుకుని పోయే జాలర్ల పడవలు వేరు, అడుగు చదునుగా ఉంటది. తడ వైపు పోయినప్పుడు వాళ్ళు ఎదురుగాలికి ఎలా మలుపుతున్నారో ఒక గంట నిలబడి చూడండి, పైసా ఖర్చు లేని పాఠం. కల్యాణి డ్యామ్ తాగే నీళ్ళు, వదిలేయండి. చెన్నై హార్బర్ వైపు 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాచ్ క్లబ్, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్ ఉన్నాయి, పోర్టు ఏరియా కాబట్టి లోపలికి పోవడానికి ఏం కాగితాలు కావాలో ముందే కనుక్కుని బయల్దేరండి. లేదంటే హైదరాబాద్ హుస్సేన్‌సాగర్, జూలైలో అక్కడ గాలి బాగుంటది, రెగట్టాలు అప్పుడే.

ప్రశ్న: అన్నా, మా బాబుకి పదకొండేళ్ళు, వేసవి క్యాంప్‌కి చెన్నై పంపమంటున్నాడు. పడవ తిరగబడుతుందంట కదా, నాకు నిద్ర పట్టట్లేదు. — ఒక అమ్మ, చిత్తూరు

జవాబు: తిరగబడుద్దమ్మా, దాపరికం ఎందుకు. మొదట్లోనే కావాలనే తిరగేయిస్తారు, అది పాఠంలో భాగం. ఆప్టిమిస్ట్ 2.3 మీటర్ల పడవ, లోపల గాలి సంచులు కట్టి ఉంటాయి, మునిగిపోదు, పిల్లోడు దాన్ని పట్టుకుని ఉంటే చాలు. పడవ వదిలి ఒడ్డుకి ఈదడానికి ప్రయత్నించొద్దు అన్నది వాడికి నిద్రలో అడిగినా చెప్పేంతగా నేర్పించండి. పంపేముందు బట్టలతో ఒక యాభై మీటర్లు ఈదగలడా చూడండి. బోయన్సీ జాకెట్ (నీళ్ళలో తేల్చే జాకెట్) వాడి సైజుదే కావాలి, కాళ్ళ మధ్య నుంచి పట్టీ ఉండేది, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు. ఎన్ని పడవలకి ఎన్ని రెస్క్యూ బోట్లు అని క్యాంప్ వాళ్ళని మొహమాటం లేకుండా అడగండి, విసుక్కుంటే పంపొద్దు. పడవ మాత్రం కొనకండి ఇప్పుడే. ఒలింపిక్స్ సెయిలింగ్‌కి అర్హత సాధించిన మొదటి భారతీయ మహిళ నేత్రా కుమనన్ కూడా చెన్నైలో ఇలాంటి వేసవి క్యాంప్‌తోనే మొదలుపెట్టింది. మీ వాడు అంత దాకా పోకపోయినా పర్లేదు, సెలవుల్లో ఫోన్ పక్కన పెడతాడు.

ప్రశ్న: అన్నా, శ్రీకాళహస్తి నుంచి రాస్తున్నా. నేను హెల్మ్, మా బావమరిది క్రూ. గాలి గట్టిగా ఉన్నప్పుడు గాలివాటున పోతా జైబ్ (తెరచాపని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పడం) చేస్తే చాలు బోల్తా. లేపడానికి పావుగంట పడుతోంది. నేను అరుస్తా, వాడు అలుగుతాడు, ఒడ్డుకొచ్చాక మాటల్లేవు, ఇంట్లో మా ఆవిడకి నేను సమాధానం చెప్పుకోవాల్సొస్తోంది.

జవాబు: ముందు జైబ్ సంగతి చూద్దాం, మీ ఆవిడ సంగతి తర్వాత. అందరూ చేసేదే మీరూ చేస్తుంటారు, భయపడి పడవ నెమ్మదించాక జైబ్ చేయడం. అది తల్లకిందులు. పడవ గాలితో పాటు ఎంత వేగంగా పోతుంటే తెరచాప మీద గాలి అంత తక్కువ తగులుద్ది, కాబట్టి అల మీద జారుతూ ఫుల్ స్పీడ్‌లో ఉన్నప్పుడే బూమ్ తిప్పాలి. అంతకు ముందే సెంటర్‌బోర్డ్ సగం పైకి లేపి ఉండాలి, పూర్తిగా దించి ఉంటే పడవ దాని మీద కాలు తట్టుకుని పడుద్ది, పూర్తిగా లేపేస్తే అదుపు ఉండదు. బూమ్ దాటగానే టిల్లర్ వెంటనే మధ్యకి తెచ్చేయాలి, చాలామంది అక్కడ బూమ్ వైపు చూస్తా టిల్లర్ మర్చిపోతారు, పడవ గిర్రున గాలికి అడ్డం తిరుగుద్ది, అక్కడే బోల్తా. ఇద్దరూ వెనక్కి జరిగి కూర్చోండి, ముక్కు నీళ్ళలో గుచ్చుకోకుండా. అయినా ధైర్యం చాలకపోతే జైబే వద్దు, గాలికి ఎదురు తిరిగి టాక్ చేసి చుట్టూ తిరిగి రండి, కొన్ని సెకన్లు పోతాయి, పావుగంట కన్నా నయం కదా.

లేపడానికి పావుగంట అంటే క్రమం తప్పుతోంది. పడగానే ముందు ఒకరి పేరు ఒకరు పిలుచుకోవాలి, బావమరిది గొంతు వినపడ్డాకే మిగతావి. తెరచాప కింద ఇరుక్కుంటే చేత్తో దాన్ని పైకి నెడితే ఊపిరికి చోటు వస్తది, ఒక కుట్టు పట్టుకుని అంచు దాకా పోవాలి. తర్వాత మెయిన్‌షీట్, జిబ్ షీట్ రెండూ క్లీట్ (తాడుని కదలకుండా పట్టి ఉంచేది) నుంచి వదిలేయాలి, ఇది మర్చిపోతే లేచిన పడవ ఇంకోవైపు పడుద్ది, అన్ని పావుగంటలూ ఇక్కడే పోతాయి. బరువెక్కువున్న మనిషి మెయిన్‌షీట్ చివర పట్టుకుని వెనకనుంచి చుట్టూ వెళ్ళి సెంటర్‌బోర్డ్ మీదికి ఎక్కాలి. రెండోవాడు పడవ లోపల వైపు నీళ్ళలోనే పడుకుని టో స్ట్రాప్ (హైకింగ్‌కి పాదాలు తగిలించే పట్టీ) పట్టుకుని ఉండాలి, జిబ్ షీట్ పైనుంచి అవతలికి విసరాలి, పైకి ఎక్కకూడదు, బరువు వేయకూడదు. పడవ ముక్కు గాలివైపు తిరిగేదాకా ఆగి అప్పుడు లాగండి, లేస్తా లేస్తా లోపలున్నోడిని పడవే ఎత్తుకుంటది. ఇదంతా గాలి లేని రోజు నాలుగైదు సార్లు కావాలని పడి ప్రాక్టీస్ చేయండి.

ఇప్పుడు అరుపులు. గాలిలో గట్టిగా మాట్లాడక తప్పదు, ఏం వినపడదు కాబట్టి. కానీ "జిబ్ లాగు" అనడం వేరు "నీకెన్నిసార్లు చెప్పాలిరా" అనడం వేరు, రెండోది విన్నాక వాడి చేతులు ఆగిపోతాయి. మీ ఇద్దరి మధ్య ఓ ఐదారు మాటలు ముందే అనుకోండి, జైబ్ కి రెడీయా, రెడీ, జైబ్, అంతే, వాడు రెడీ అనేదాకా మీరు టిల్లర్ కదిలించొద్దు. తప్పుల లెక్క ఒడ్డుకొచ్చి బట్టలు మార్చుకున్నాక టీ దగ్గర. ఒక ఆదివారం సీట్లు మార్చుకోండి, మీరు ముందు కూర్చుని వాడికి టిల్లర్ ఇవ్వండి, ముందు సీట్లో నీళ్ళు మొహాన కొడుతుంటే వెనకనుంచి ఆర్డర్లు ఎలా వినపడతాయో మీకే తెలుస్తది. జైబ్‌లో బూమ్ ఎక్కువగా తగిలేది క్రూ తలకే, కాబట్టి హెల్మెట్లు కొనండి, డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు బావమరిదికి కొనండి. అది చూస్తే మీ ఆవిడ కూడా కొంచెం తగ్గొచ్చు.